మార్షలింగ్ బాక్సు మీద గొడుగు

కోస్గి దగ్గరి సబ్‌స్టేషన్‌లో పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ మూడు రోజుల్లో మూడుసార్లు ట్రిప్ అయింది. పొద్దున తొమ్మిదికి బోరు మోటార్లన్నీ ఎత్తుకోగానే టప్పున ఆగిపోవడం. లోపలికి పోయే కరెంటుకీ బయటికొచ్చే కరెంటుకీ పొత్తు కుదరకపోతే ఆపేసే రిలే ఒకటుంటుంది. దానికి అనుమానం ఎక్కువ. ఏఈ వర్షితకు అంతకంటే ఎక్కువ.

ఆమె అనుమానమంతా విజేందర్ మీదే. ఆ రిలేను టెస్ట్ చేసి, "అంతా ఓకే మేడమ్" అని సంతకం పెట్టిపోయిన చిట్యాల కాంట్రాక్టు ఇంజనీరు అతనే మరి. పైగా ఎవరూ పిలవకముందే తెల్లారేసరికి బండేసుకుని దిగాడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడం కాక ఇంకేమిటి ఇది?

ట్రాన్స్‌ఫార్మర్‌ను లైన్ల నుంచి విడదీసి ఎర్త్ చేయించాక, యార్డులో రిలేకు పోయే తీగలన్నీ కలిసే మార్షలింగ్ బాక్సు తెరిచాడతను. అప్పుడే చినుకులు మొదలయ్యాయి. వర్షిత గొడుగు పట్టుకుని వెనకే నిలబడింది.

"థ్యాంక్స్ మేడమ్."

"మీకు కాదు, బాక్సుకు. ఆ తీగలెందుకు గుంజుతున్నరు?"

"చూస్తున్న మేడమ్."

"చూసెటోళ్లు కండ్లతోటి చూస్తరు. చేతులెందుకు?"

అతను నవ్వాడు. అంతలోనే నవ్వు ఆగిపోయింది. తలుపు గబుక్కున మూసేశాడు.

"తప్పు దొరికింది. నాదే. రిపోర్టు రాసిస్త."

ఇంత తేలిగ్గా తప్పు ఒప్పుకున్న కాంట్రాక్టు మనిషిని వర్షిత ఇంతవరకు చూడలేదు.

"జర జరగుండ్రి," అని తలుపు తానే తెరిచింది.

రెండు తీగలు తారుమారై ఉన్నాయి. వాటికి చుట్టిన టేపు మీది నంబర్లు తన చేతిరాతే. నాలుగు రోజుల కింద తుప్పు పట్టిన కనెక్టర్లు మార్చింది తానే. సిమెంటు ఫ్యాక్టరీలో బస్తాలు మోసిన వాళ్ల నాయన గురవయ్య ఇంట్లో మొదటి సర్కారు నౌకరీ అది. ప్రొబేషన్ ఇంకా రెండు నెలలుంది.

"మీ మీదెందుకు ఏసుకున్నరు?"

"మీకింక రెండు నెలలే ఉన్నయ్ గద."

"గా సంగతి మీకెవరు చెప్పిన్రు?"

"ఆపరేటర్ యాదగిరన్నను అడిగిన."

"ఎందుకడిగిన్రు?"

"ఇది ఎంక్వైరీయా మేడమ్?"

"అవును. చెప్పుండ్రి."

"మీరంటే ఇష్టం గాబట్టి," అన్నాడు బాక్సు వైపు చూస్తూ.

ఆమెకు సంతోషమూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. నోట్లోకి మాత్రం కోపమే ముందొచ్చింది.

"ఇష్టముంటే అబద్ధం రాస్తవా? నీ నౌకరి పోతే? రేపు నువ్వు ఓకే అన్న రిలేను నేనెట్ల నమ్మాలె?"

అక్కడే నిలబడి పైఅధికారికి ఫోన్ చేసింది. "సార్, తీగలు తప్పు పెట్టింది నేనే." అటునుంచి తిట్లు పడ్డాయి. మెమో ఇస్తానన్నాడాయన. చివరికి మాత్రం, "నీ అంతట నువ్వే చెప్పినవని గూడ రాస్తలే," అన్నాడు.

తీగలు సరిచేసి, ఇద్దరూ రెండేసిసార్లు చూసుకుని లైను ఇప్పించారు. మోటార్లు ఎత్తుకున్నాయి. ట్రాన్స్‌ఫార్మర్ హుమ్మని మోగుతూ నిలబడింది. వర్షిత అప్పుడు విజేందర్ వైపు తిరిగింది.

"ఆదివారం మా నాయిన ఇంట్లనే ఉంటడు. మేళ్లచెరువు రా."

ఈసారి అనుమానం విజేందర్‌ను పట్టుకుంది. "ఎందుకు మేడమ్? మెమోకు సాక్ష్యమా?"

"కాదు. మీ అమ్మను గూడ తోల్కరా."