రాజుగారి నేల మీద బాల్కనీ

హాంకాంగ్‌లో మా మెట్ల వీధి మలుపులో పూన్ అనే ఆసామి ఇల్లు ఉండేది. చీకటి పడ్డాక ఆ ఇంటి కింద నుంచి ఎవరూ నడిచేవారు కాదు. కాలు జారినా సరే అనుకుని, అవతలి పక్క మురిక్కాలువ అంచున నడిచి పోయేవారు.

మూడో అంతస్తు బాల్కనీ వీధి మీదికి పొడుచుకొచ్చి ఉండేది. దాని చుట్టూ చెక్కలు కొట్టి మూసేశారు. ఆ చెక్కల వెనక నుంచి... మూలుగు వినబడేది. దగ్గు వినబడేది. ఒక్కోసారి గోళ్లతో గీకుతున్న చప్పుడు. పోయినేడాది వానల నుంచీ ఇదే వరస.

ఎప్పుడైనా తెల్లారేసరికి మలుపులో చాప చుట్టిన శవం ఒకటి కనబడేది — ఎవరో, ఏ ఊరో. దెయ్యం పట్టుకుందనేవారు. అగరొత్తులు గుచ్చి, చచ్చినవాళ్లకని కాగితపు డబ్బు తగలేసి, దండం పెట్టుకుని ఇళ్లకు పోయేవారు. మా వీధి వాళ్ల భక్తి అంతవరకే.

ఇదంతా నాకు చెప్పింది క్వాయ్ లాన్. రాత్రిపూట ఇంటింటికీ తిరిగి మరుగుదొడ్డి బకెట్లు ఎత్తే మనిషి.

ఆమె చెల్లెలు సావ్ కాన్ అల్లం ఫ్యాక్టరీలో చెక్కు తీసేది. పూన్ ఇంట్లో, ఆ మూడో అంతస్తులోనే, ఒక మంచం అద్దెకు తీసుకుని ఉండేది. గది కాదు, మంచం! పూన్ ఆ అంతస్తంతా మంచం మీద మంచం వేసి, కోళ్లగూట్లో కుక్కినట్టు జనాన్ని కుక్కాడు. అయినవాళ్లంతా ఒకచోట చేరే జాబిలి పండక్కి చెల్లెలు రాకపోయేసరికి లాన్ వెతుక్కుంటూ వెళ్లింది.

పూన్ పళ్లు కుట్టుకుంటూ గుమ్మంలోకొచ్చాడు. "మీ చెల్లా? దగ్గు పట్టుకుంది కదమ్మా. పడవెక్కి ఊరెళ్లిపోయింది."

"నాతో చెప్పకుండానా అయ్యా?"

"నువ్వేమన్నా గవర్నరువా, నీతో చెప్పి వెళ్లడానికి? పో, పో... నీ కంపుకి తిన్నది బయటికొచ్చేలా ఉంది."

లాన్ వచ్చేసింది. కానీ నమ్మలేదు. మా వీధిలో బకెట్లు ఎత్తే మనిషి దెయ్యానికి భయపడి అప్పటికే పని మానేసింది. లాన్ బకెట్ల మేస్త్రీ దగ్గరికెళ్లి ఆ వీధి తనకిమ్మని అడిగింది. పగలు గుమ్మం ఎక్కనివ్వని వాళ్లు కూడా బకెట్ ఎత్తే మనిషికి రాత్రి తలుపు తీస్తారు కదా.

ఆ రాత్రి కావడి భుజాన వేసుకుని మలుపు తిరిగింది. వీధిలో పిట్ట లేదు. పైన ఎవరో దగ్గుతున్నారు.

"బకెట్లోయ్... బకెట్లు!" అని కేకేసింది.

దగ్గు ఆగిపోయింది.

ఒక్క క్షణం ఏమీ లేదు... తరవాత చెక్క మీద — టక్. మళ్లీ — టక్.

లాన్ తలెత్తి చూసింది. అప్పుడు చెక్కల సందులోంచి సన్నగా —

"అక్కా..."

దెయ్యాలు అయినవాళ్ల గొంతుతోనే పిలుస్తాయనీ, పలకకూడదనీ లాన్‌కి తెలుసు. 'దెయ్యమైతే మాత్రమేం, నా చెల్లి దెయ్యమేగా' అనుకుంది. కావడి బద్ద ఊడదీసి చేత పట్టుకుని మెట్లెక్కింది.

మూడో అంతస్తులో ఎవరూ నిద్రపోవడం లేదు. అందరి కళ్లూ తెరుచుకునే ఉన్నాయి. లాన్‌ని చూసి ఒక్కొక్కరే గోడవైపు తిరిగిపోయారు. ఒక ముసలమ్మ మాత్రం, "అటెళ్లకే తల్లీ... దెయ్యం..." అని గొణిగింది.

పూన్ దీపం పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. "బకెట్ ఇక్కడుంటే అటేం పని నీకు?"

"అక్కడెవరు?"

"ఎవరైతే నీకెందుకు? అది నా ఇల్లు కాదు! గోడ దాకానే నాది. అవతల గాలీ, కింద నేలా దొరల రాజుగారివి. బాల్కనీకి పర్మిట్ ఇచ్చింది సర్కారు. అక్కడ పోతే నా ఇంట్లో పోయినట్టు కాదు. తెల్లారేలోగా కిందికి దించేస్తే వీధిలో పోయినట్టే." పూన్ గొంతు తగ్గించాడు. "ఇంట్లో చావొస్తే శానిటరీ వాళ్లొచ్చి అందరి పరుపులూ తగలేస్తారమ్మా. చావైన ఇంట్లో మళ్లీ ఎవడు దిగుతాడు? కావాలంటే వీళ్లనడుగు!"

వీళ్లంతా దుప్పట్లు నెత్తి మీదికి లాక్కున్నారు.

లాన్ అక్కడున్న నిండు బకెట్ ఎత్తింది. "తప్పుకుంటావా, నీ నెత్తిన కుమ్మరించనా?"

పూన్ తప్పుకున్నాడు. అలాంటివాడికి కూడా శుభ్రం అంటే పట్టింపే!

కావడి బద్దతో కొడితే మూడు దెబ్బలకి బాల్కనీ తలుపుకి అడ్డంగా కొట్టిన చెక్క ఊడింది. లోపల, తడిసిన చాప మీద, సావ్ కాన్. ఎముకల గూడు. అయినా ప్రాణం ఉంది. అంత కంపులోనూ ఆ వేళ్లకి ఇంకా అల్లం వాసన ఉందని నాతో చెప్పి లాన్ ఏడ్చింది.

చెల్లెల్ని వీపున వేసుకుని ఆసుపత్రికి మోసుకుపోయింది.

మర్నాడు బాల్కనీలు తనిఖీ చేసే ఇన్‌స్పెక్టర్ దొర వచ్చాడు. అంతకుముందూ వచ్చేవాడు. కింద స్తంభాలు టేపుతో కొలిచి, రోడ్డు మీదికి ఎక్కువ జరగలేదని తేల్చుకుని పోయేవాడు. పైకి వెళ్లాలంటే మెట్లెక్కాలి మరి. ఈసారి ఎక్కాడు. పర్మిట్ ప్రకారం బాల్కనీ తెరిచి ఉంచాలి, చెక్కలు కొట్టడం తప్పన్నాడు. పూన్ నవ్వుతూ జరిమానా కట్టేశాడు. అక్కడ మనిషి పడుకోవడం కూడా తప్పేనని గుర్తొచ్చి, దొర జరిమానాకి సావ్ కాన్ పేరూ రాసుకున్నాడు. ఇంత అసహ్యం నేనెక్కడా చూడలేదు.

వీధి మాత్రం ఊపిరి పీల్చుకుంది. "ఓస్, మనిషేనా! ఇన్నాళ్లూ ఉత్తపుణ్యానికి హడలి చచ్చాం" అని నవ్వుకున్నారు. ఆ రాత్రి చాలామంది ఆ బాల్కనీ కిందనుంచే నడిచారు.

లాన్ ఆసుపత్రిలో చెల్లెలికి గంజి తాగిస్తూ అడిగింది. "ఎప్పుడు పడేశాడే నిన్నక్కడ?"

"పండక్కి ముందు."

లాన్ చేతిలో చెంచా ఆగిపోయింది. మూలుగు పోయినేడాది వానల నుంచీ వినబడుతోందని వీధంతా చెప్పింది.

"మరి... నీకంటే ముందు అక్కడెవరున్నారే?"

సావ్ కాన్ గంజి గిన్నె పక్కకి నెట్టింది.

"నన్ను పడుకోబెట్టినప్పుడు... చాప ఇంకా వెచ్చగానే ఉందక్కా."