సుంకం ఇంట్లో మంత్రచూపు

వంతెన పక్కన సుంకం ఇల్లంటే వెర్లిన్ ఆట బల్ల దగ్గర అందరికీ హడలే. నిజం ఇల్లు కాదది — వెర్లిన్ పెన్సిల్‌తో గీసిన పటంలో చిన్న చదరం, అంతే. ఐనా అక్కడ రాత్రి తలదాచుకున్న ఏ పాత్రా మళ్ళీ మునుపటిలా బయటికి రాలేదు.

నాకిది బెత్ చెప్పింది. ఆవిడ అప్పుడు ఆ బల్ల దగ్గరే ఉంది.

విస్కాన్సిన్‌లో జనవరి. ఆదివారం మధ్యాహ్నం, వెర్లిన్ వాళ్ళ బేస్‌మెంట్లో నలుగురు. వెర్లిన్ కథ నడుపుతాడు, మిగతా ముగ్గురూ తలా ఒక పాత్ర ఆడతారు. కొరీన్‌ది ఇల్సే అనే మంత్రగత్తె. పదకొండేళ్ళుగా పెంచుకున్న పాత్ర — అంచులు మాసిన ఒకే ఒక కాగితం మీద. చెరిపి రాసి, చెరిపి రాసి, ఆ కాగితం గుడ్డలా మెత్తబడింది.

ఆ బల్లకో కట్టుబాటుంది. పాత్ర రక్తపిశాచి ఐపోతే కాగితం వెర్లిన్‌కిచ్చెయ్యాలి. ఇక అది ఆడినవాళ్ళది కాదు.

ఆరోజు కొరీన్ ఆసుపత్రిలో రెండు షిఫ్టులు చేసి వచ్చింది. కళ్ళు మూతలు పడుతున్నాయి. ఆటలో ఇల్సే కూడా అంతే... కొండదారిలో స్పృహ తప్పిన రాత్రి నుంచీ, లేస్తే ఒళ్ళంతా బరువు.

"నీ నీరసం దానికీ అంటించావ్," అన్నాడు లానీ, చిప్స్ నములుతూ. అతని పాత్ర కత్తివీరుడు.

"నోర్ముయ్ లానీ. నిద్రొస్తోంది."

ఆటలో రాత్రయింది. సుంకం ఇంట్లో మంట రాజేశారు. వెర్లిన్ గొంతు తగ్గించాడు —

"ఈ గదిలో... రక్తపిశాచి ఉంది."

"మంత్రచూపు వేస్తున్నా," అంది కొరీన్. ఇరవై ముఖాల పాచిక దొర్లింది. పందొమ్మిది. చూపు పారింది.

ఆ చూపుకి ప్రాణమున్న ప్రతిదీ దీపంలా కనిపిస్తుంది, ఒక్కోదానికి ఒక్కో రంగు. చచ్చినదానికి వెలుగుండదు. రక్తపిశాచికి ఉంటుంది... కానీ తనది కాదు. తాగినవాళ్ళందరి రంగులూ అతుకులు అతుకులుగా, నడుమ మాత్రం చీకటి. ఎంత దిగులో కదా — తనదంటూ మిణుగురంత వెలుగైనా లేకపోవడం!

"లానీ వీరుడు?" అడిగింది కొరీన్.

"నీలం," అన్నాడు వెర్లిన్. "కాస్త తగ్గింది."

"బెత్ సన్యాసిని?"

"పండు నారింజ."

"పొయ్యి వెనక?"

"ఎలకలు. చిన్న చిన్న ఆకుపచ్చ చుక్కలు."

"ఐతే ఎవరూ లేరు."

"ఉంది."

"ఊరికే జడిపిస్తున్నావ్, ముసలోడా," అన్నాడు లానీ.

వెర్లిన్ నవ్వలేదు. "కొరీన్... అందర్నీ చూశావా?"

"అందర్నీ..."

అని ఆగిపోయింది.

పదకొండేళ్ళలో ఆ చూపు ఎన్నిసార్లు వేసిందో! ఒక్కసారైనా తనవైపు తిప్పుకోలేదు. ఎవరు మాత్రం తిప్పుకుంటారు?

"ఇల్సే... తన చేతులు చూసుకుంటుంది."

వెర్లిన్ పాచిక వెయ్యమనలేదు. "అతుకులు," అన్నాడు మెల్లగా. "ఒక గొర్రెల కాపరి పసుపు. ఎవరో పసిదాని గులాబీ. మణికట్టు దగ్గర... కొత్త అతుకు. ఇంకా వెచ్చగా ఉంది. నీలం."

కొరీన్ కాగితాన్ని రెండు చేతులతో నిమిరి, బల్లకవతలికి జరిపింది.

"తీసుకో వెర్లిన్... పాపం, అది కంటినిండా నిద్రపోయి ఎన్నాళ్ళైందో."

చిప్స్ చప్పుడు ఆగిపోయింది. లానీ చెయ్యి, అతనికి తెలీకుండానే, స్వెటర్ మెడని పైకి లాగింది.