ఎనిమిదో పేజీ

"మన పాత ఫైళ్లు చూసే ఆర్కైవ్స్ ముసలాయన మెట్ల మీంచి పడిపోలేదు. తోసేశారు," అన్నాడు డైరెక్టర్, ఫైలు టేబుల్ మీద పడేస్తూ. "ఆయన పోయిన సంగతి బయటికి పొక్కనివ్వలేదు. లీవులో ఉన్నాడని చెప్పించాం."

ఎదురుగా కూర్చున్న ఏజెంటును శాఖలో అందరూ పంతులు అంటారు. లెక్కలు చదువుతూ, డిగ్రీ పూర్తికాకుండానే గూఢచర్యంలోకి దిగినవాడని ఆ పేరు. ఫైల్లో ఫొటో చూడగానే పోల్చుకున్నాడు. నెరిసిన జుట్టు, వేళ్ల మధ్య సుద్దముక్క. టీచర్.

"ఈవిడ నీకు పాఠం చెప్పింది కదూ?"

"ఒక్క ఏడాది, సార్."

"సిమ్మెట్రీ మీద ఈవిడ కట్టిన బీజగణితమే ఇవాళ్టి పార్టికల్ ఫిజిక్స్‌కి వెన్నెముకట. కంప్యూటర్లవాళ్లు అదే లెక్కతో తాళాలు చేసుకున్నారు. ఆస్పత్రి రికార్డుల నుంచి మిస్సైల్ కోడ్‌ల దాకా అన్నిటికీ ఆ తాళమే. ఆ తాళం ఎలా పగులుతుందో ఆవిడే ఎనిమిది పేజీల్లో రాసి పోయింది. దాని వాసన పట్టి పరాయి ముఠా ఒకటి దిగింది. ముసలాయన్ని తోసింది వాళ్లే. ఉన్నవి నలభై నోట్‌బుక్కులు. అందులో అదేదో పోల్చగలిగేది నువ్వే. రేపు ఆవిడ స్మారక సభ. పాత పుస్తకాలు బాగుచేసే బైండర్ వేషంలో వెళ్లు. మన మనిషి ఒకామె అక్కడ ఇంటర్‌ప్రిటర్. 'జిగురు ఆరిందా' అంటుంది. 'ఇంకా తడిగానే ఉంది' అను."

జేబులో పెట్టుకోవడానికి ఒక పెన్ను ఇచ్చాడు. క్యాప్ రెండుసార్లు నొక్కితే వీధి చివర వ్యాన్‌లో ఉన్నవాళ్లు పరిగెత్తుకొస్తారు.

టీచర్ ఇల్లే ఇప్పుడు మ్యూజియం. కింద హాల్లో సభ, పైన ఆవిడ గది. నల్లబల్ల మీద ఆవిడ రాసిన చివరి సమీకరణాన్ని అద్దం బిగించి కాపాడారు. పంతులు బల్లకి వీపు పెట్టి కూర్చున్నాడు. అయినా మెడ మీద ఎవరి చూపో ఆనినట్టే ఉంది. "ఊఁ, ఎందుకు?" అని అడిగేది ఆవిడ, ఎవరు జవాబు చెప్పినా. ఒకటికి రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు.

ఇంటిని కనిపెట్టుకుని ఉండే టీచర్ చెల్లెలు నోట్‌బుక్కుల కట్టలు తెచ్చిపెట్టింది.

"కాగితాలు కడిగే ఆ తొట్టి దూరంగా పెట్టు నాయనా. అక్కది నీలం సిరా. నీళ్లు తగిలితే నిలవదు."

"అలాగేనమ్మా."

"కాలేజీ నుంచి వెళ్లగొట్టాక ఇరవై ఏళ్లు ఈ గదిలోనే రాసుకుంది. క్లాసులో ఎవడో కుర్రాడు అక్క మీద పైకి రిపోర్టులు పంపాడట."

పంతులు జిగురు బ్రష్‌తో అట్ట మీద గీసిన చోటే గీస్తూ ఉండిపోయాడు. ఆ రిపోర్టులే అతనికి ఈ ఉద్యోగం తెచ్చిపెట్టాయి.

ఆవిడ కిందికి వెళ్లాక వెతికాడు. ముప్పై ఒకటో నోట్‌బుక్. ఎనిమిది పేజీలూ అక్షరం వదలకుండా చదివాడు. ఏడు పేజీలు తోవ చూపిస్తాయి, ఎనిమిదోది తలుపు తీస్తుంది. దాని అడుగున చిన్న అక్షరాలు: 'మూడో బెంచీ అబ్బాయికి ఇది అర్థమవుతుంది. రిపోర్టులు రాసుకుంటూ లెక్క వదిలేశాడు, పాపం.'

ఆవిడకు తెలుసు. తెలిసే ఏడాది పొడవునా అతనికి పాఠం చెప్పింది.

"జిగురు ఆరిందా?"

గుమ్మంలో ఆకుపచ్చ సిల్కు, మెడలో హెడ్‌ఫోన్, చేతిలో పౌడర్ డబ్బా. సభలో సగంమంది చూపులు మెట్ల దాకా ఆమె వెంటే వచ్చి ఉంటాయి.

"ఇంకా తడిగానే ఉంది."

"దొరికిందన్నమాట. పనిమంతులే మీరు. ఆ ముసలాయన చచ్చేదాకా నోరు విప్పలేదు."

లీవులో ఉన్న మనిషి చచ్చాడని ఈమెకెవరు చెప్పారు? పంతులు చెయ్యి జేబులోకి పోయింది. పెన్ను క్యాప్ రెండుసార్లు నొక్కాడు. అతను తలెత్తేసరికి ఆమె చేతిలో పిస్టల్ ఉంది.

"నోరు జారాను కదూ. సరే, పేజీలు తిప్పు. నెమ్మదిగా."

పౌడర్ డబ్బా మూతలో కెమెరా. ఒక్కో పేజీ తీసిన వెంటనే ఎక్కడికో వెళ్లిపోతోంది. కింద మైకులో ఎవరో అంటున్నారు, మీ జేబుల్లోని ప్రతి ఫోన్‌లోనూ ఆ మహాతల్లి లెక్క నడుస్తోందని. నాలుగు. ఐదు. మెట్ల మీద అలికిడి లేదు. ఆరు. ఏడు.

"ఇంకొక్కటి," అంది ఆమె.

ఎనిమిదో పేజీ చించి తొట్టిలో ముంచాడు.

గుండు భుజంలో దిగింది. హాల్లో చప్పట్లు ఆ చప్పుడును మింగేశాయి. కాగితాన్ని నీళ్లలో నలుపుతూనే ఉన్నాడు. నీలం పొగలా లేచింది. లెక్క పోయింది, చిన్న అక్షరాలూ పోయాయి. ఆమె రెండోసారి గురిపెట్టేలోగా వ్యాన్‌లోని మనుషులు తలుపు బద్దలుకొట్టారు.

వాళ్ల వెనకే టీచర్ చెల్లెలు వచ్చింది. రక్తం కారుతున్న అతని భుజాన్ని చూడలేదు, తొట్టినే చూసింది.

"ఏం పాపం చేసింది నాయనా మా అక్క నీకు?" అంది మెల్లగా.

ఈ ఇంటికి తాను ద్రోహం చెయ్యడం ఇది రెండోసారి.

ఆస్పత్రిలో డైరెక్టర్ మంచం పక్కన కూర్చుని కాగితం అందించాడు. "ఏడు పేజీలు వాళ్లకి చేరినా చిత్తుకాగితాలే. ఎనిమిదోదానికి కాపీ ఎక్కడా లేదు కదా?"

కళ్లు మూస్తే చాలు, ఆ పేజీ మొదటి గీత నుంచి చివరి చుక్క దాకా కనిపిస్తోంది. కళ్లు తెరిచినా పోవడం లేదు.

"లేదు సార్," అని, అదే రాసి సంతకం పెట్టాడు.

ముప్పై ఏళ్ల సర్వీసులో పంతులు రాసిన మొదటి అబద్ధపు రిపోర్టు అదే. ఇన్నాళ్లూ నిజాలు రాసినందుకు ఎవరూ మెచ్చుకోలేదు గానీ, దీనికి మాత్రం మెడల్ ఇచ్చారు.