జోడీ లేని నాణెం

ఏజెంట్ తొమ్మిదిని గుర్తుపట్టగల మనిషి ఈ భూమ్మీద ఇంకా పుట్టలేదు. అతను మారువేషం వేశాడంటే అద్దం కూడా "ఎవరు కావాలండీ?" అని అడుగుతుంది.

వీధిలోంచి మూడు మెట్లెక్కి వేలంశాలలో అడుగు పెట్టగానే వాచ్‌మన్ లేచి నిలబడ్డాడు.

"రండి గూఢచారిగారూ. గొడుగు అక్కడ పెట్టండి. మీసం ఎడమవైపు ఊడుతోంది, చూసుకోండి."

సరే, ఒక్కడు పుట్టాడు.

ముందురోజు డిపార్ట్‌మెంట్ పెద్దాయన ఇచ్చిన బ్రీఫింగ్ క్లుప్తంగానే సాగింది.

"మన ఏజెంట్లందరి అడ్రసులూ ఒక చిప్‌లోకెక్కాయి. ఆ చిప్‌ని ఒక నకిలీ రోమన్ వెండి నాణెంలో దాచారు. వచ్చే వారం వేలంలో పరాయి ముఠావాడొకడు దాన్ని దర్జాగా పాడుకుని పోతాడు."

"ఏ నాణెం సార్?"

"అది తెలిస్తే నువ్వెందుకయ్యా? అక్కడి నాణేల నిపుణురాలు మన మనిషే. కోడ్‌నేమ్ గువ్వ. వెళ్లి నేర్చుకో."

"చిప్‌లో నా అడ్రసు కూడా ఉందా సార్?"

"ఉంది. నీ ఇంటికి ఒక్కరైనా వస్తే చూడాలని నాకూ ఉందిలే."

మాట నిజమే. తొమ్మిది గదిలో రెండు కుర్చీలున్నాయి. రెండోది ఇప్పటికీ కొత్తగానే ఉంది. ఏటా చెకప్‌లో డిపార్ట్‌మెంట్ డాక్టర్ "భోజనం ఎలా చేస్తున్నారు?" అని అడిగితే, "సింకు దగ్గర నిలబడి. కూర్చుంటే ఎదురు కుర్చీ ఖాళీగా కనిపిస్తుంది," అనేవాడు తొమ్మిది. డాక్టర్ ఆ మాట శ్రద్ధగా ఫైల్లో రాసుకుని, ఉప్పు తగ్గించమనేవాడు.

గువ్వ హాల్లోకి రాగానే నాణేల మీద రెండువేల ఏళ్లుగా కుడివైపే చూస్తున్న చక్రవర్తులు ఇటు తిరిగారు. ఇద్దరికి మెడ పట్టేసింది కూడా.

"అంచులు పట్టుకోండి. మొహం మీద వేలు పెట్టకండి. మీ మొహం మీద ఎవరైనా వేలు పెడితే ఊరుకుంటారా?"

"ఇంతవరకూ ఎవరూ పెట్టలేదండీ."

ల్యాబ్ వాళ్లిచ్చిన ఎక్స్‌రే కళ్లజోడులో బ్యాటరీ లేదు. ఆమె తన భూతద్దం ఇచ్చింది. వారంపాటు మధ్యాహ్నాలు ఇద్దరూ పక్కపక్కనే కూర్చుని అరిగిపోయిన అక్షరాలు చదివారు.

"ఇవి మిషన్లో పుట్టినవి కావు," అంది గువ్వ. "ఒక్కోదాన్నీ సుత్తితో కొట్టారు. అంచు ఎక్కడ పగులుతుందో కొట్టినవాడికే తెలీదు. అందుకే ఏ రెండింటి పగులూ ఒకేలా ఉండదు. ఉందంటే, ఒకదాని అచ్చు తీసి ఇంకోదాన్ని పోత పోశారని."

"అంటే అసలు నాణేనికి జోడీ ఉండదన్నమాట."

"ఉండదు, పాపం." ఆమె భూతద్దం పక్కన పెట్టింది. "నేనూ అంతే లెండి. సింకు దగ్గర నిలబడే తింటాను. కూర్చుంటే ఎదురు కుర్చీ ఖాళీగా కనిపిస్తుంది."

ఆ సాయంత్రం తొమ్మిది రెండో కుర్చీని తడిగుడ్డతో తుడిచాడు.

వేలం రోజు ముఠావాడు ముందు వరసలో కూర్చుని, కింది వరస చివరి నాణేనికి పాట పెంచుతున్నాడు. తొమ్మిది ట్రే మీదికి వంగాడు. పై వరసలో ఒక నాణేనికి చక్రవర్తి ముక్కుకి ఎదురుగా పగులుంది. ముఠావాడు పాడుతున్న నాణెం మీదా అదే ముక్కు, అదే పగులు. కాకపోతే దీని అక్షరాలు వాడిన సబ్బుబిళ్ల మీద అక్షరాల్లా మెత్తగా ఉన్నాయి. అంచు చుట్టూ సన్నటి ఆకురాయి గీత. పోత.

అదే పగులు. అప్పుడు వెలిగింది తొమ్మిదికి. సింకు, ఎదురు కుర్చీ, ఒక్క మాట కూడా తేడా లేదు. డాక్టర్ ఫైలు ఎవరో ఆమె చేతికిచ్చారు.

తలెత్తాడు. మొహం మీద ఎవరో వేలు పెట్టినట్టు నిలబడిపోయింది గువ్వ.

"మూడోసారి..." వేలంవాడి సుత్తి లేచింది.

తొమ్మిది తుమ్మాడు. మీసం ఊడి ట్రేలో పడింది. దాన్ని ఏరుకునే నెపంతో రెండు నాణేల చోట్లూ మార్చేశాడు. సుత్తి పడింది. ముఠావాడు నిఖార్సైన వెండి నాణేన్ని సరైన ధరకి కొనుక్కుని, జీవితంలో మొదటిసారి నిజాయితీగా బేరం చేసి వెళ్లాడు. చిప్ తొమ్మిది జేబులో చేరింది.

గువ్వ మాత్రం మూడో అంతస్తు కిటికీలోంచి దూకి, కింద పోతున్న లారీ మీద పడి తప్పించుకుంది. తొమ్మిది ప్రాణాలకు తెగించి అడ్డుపడ్డా లాభం లేకపోయింది.

ఇక్కడిదాకా చదివి పెద్దాయన రిపోర్టు బల్ల మీద పెట్టాడు.

"బాగా రాశావయ్యా తొమ్మిదీ. మూడు మెట్లెక్కితే వచ్చే హాలుకి మూడో అంతస్తు ఎప్పుడు లేపారు?"

నేను నా బూట్లకేసి చూసుకున్నాను.

"పోనీ, లారీ?"

"లారీ కూడా లేదు సార్. వెనక తలుపు నేనే తీశాను."

"నీ మాటే నీకు అప్పజెప్పిందని తెలిసే తీశావా?"

"తెలిసే సార్. అది పోత మాటే. కానీ ఆ మాటకి డాక్టర్ ఉప్పు తగ్గించమన్నాడు. ఆవిడ 'నేనూ అంతే' అంది."

పెద్దాయన కళ్లజోడు చాలాసేపు తుడిచాడు.

"మనవాళ్ల అడ్రసులు ఆవిడకెన్ని తెలుసు?"

"ముఠావాళ్లు తనకిచ్చింది నా కాగితాలేనని వెళ్తూ చెప్పింది సార్. నాదొక్కటే తెలుసు."

"అయితే రేపే ఇల్లు మారు."

"మారను సార్. కుర్చీ తుడిచి పెట్టాను."