స్రావిణి నమ్మిన ఏడుపు

పొద్దున్నే ఓ తుమ్ము తుమ్మేసరికి పద్యనాటకాల నటి మాణిక్యాంబ పక్కటెముక విరిగింది. ఆ ఏడాదిలో అది రెండోది. ఎముకదర్శిని ముందు నిలబడితే, యాభై రెండేళ్ల మనిషికి ఎనభై ఏళ్ల ఎముకలున్నాయని తేలింది.

ఆమె అడ్రినల్ గ్రంథులు పనిచేయడం మానేసి ఇరవై ఏళ్లు. పూర్వం ఈ జబ్బుకి మాత్రలు మింగేవాళ్లట, జ్వరమొస్తే రెండింతలు. ఇప్పుడు మాత్ర మొహం ఎరిగినవాడు లేడు. మెడ కింద చర్మంలో బియ్యపు గింజంత స్రావిణి కూర్చుని, ఒంటికి ఆపదొచ్చిందని తోస్తే కుయ్ మని, హార్మోను తనే పోస్తుంది. మహా తెలివైనదట! ఆ తెలివి ఏ గంగలో కలిసిందో గానీ, బిడ్డ శవాన్ని ఒళ్లో పెట్టుకుని పద్యం పాడే వేషధారికీ, నిజంగా బిడ్డ పోయిన తల్లికీ దానికి తేడా తెలియలేదు. నాటకం ఆడిన ప్రతిసారీ పోసింది. జనం వన్స్ మోర్ అంటే ఆమె మళ్లీ పాడింది, అది మళ్లీ పోసింది. మోతాదు మించిన హార్మోను ఎముకల్ని గుల్ల చేసింది.

స్రావిణి సంస్థ ఇంజనీరు ప్రణీత్ వచ్చి, జ్వరం, ప్రమాదం, ఆపరేషను అన్నీ ముందే ఊహించామనీ, పద్యనాటకం ఒక్కటే తమ పరీక్షల్లో లేదనీ చెప్పాడు. హార్మోనుకి హద్దు పెడితే నిజమైన ఆపదలో ప్రాణం పోతుందట. ఇలాగే సాగితే ఈసారి తుంటి విరుగుతుంది, ఇక స్టేజీ ఎక్కడం కల్ల.

"మనసు పెట్టకుండా ఏడవండి మేడమ్. చూసేవాళ్లకి తెలీదు," అన్నాడు.

మాణిక్యాంబ అతణ్ణి ఎగాదిగా చూసింది. "నాయనా, నా ఎదురుగా కూచునేది తెనాలి జనం. దొంగేడుపుని మొదటి పాదంలోనే పట్టేస్తారు."

కానీ స్టేజీ లేకపోతే ఆమెకు బతుకే లేదు. ఎముక అతుక్కున్నాక తెనాలిలో నాటకం. బిడ్డను ఒళ్లోకి తీసుకుని, మనసులో ఆవకాయ కలుపుతూ పద్యం ఎత్తుకుంది. ఆవపిండి ఎంత, కారం ఎంత అనుకుంటూ రాగం తీసింది. స్రావిణి కిక్కురుమనలేదు. జనం మాత్రం మూడుసార్లు వన్స్ మోర్ అన్నారు. బుద్ధి లేదని ఆమె తిట్టిపోసిన గింజ దొంగేడుపుని పట్టేసింది, ముందు వరసలో పెద్దలు కళ్లొత్తుకున్నారు.

తెర పడ్డాక, ముప్పై ఏళ్లుగా ఆమెకు హార్మోనియం వాయిస్తున్న సూర్యారావు లోపలికొచ్చాడు. ఆయన కళ్లూ ఎర్రగానే ఉన్నాయి.

"ఇన్నాళ్లకి ఇవాళ చేశారమ్మా, ఆ పాత్రకి న్యాయం," అన్నాడు.

రంగు తుడుచుకుంటున్న ఆమె చెయ్యి ఆగిపోయింది. మెడ కింద స్రావిణి కుయ్ మంది.