నల్ల టేపు కింద పగులు

డ్రోన్ ఎడమవైపు ఒరిగి, స్కూలు సైకిల్ స్టాండు రేకుకి తగిలి కింద పడింది. ఈ వారంలో పడటం అది మూడోసారి.

"అటెందుకు తిప్పావురా? కళ్ళు ఇంట్లో పెట్టొచ్చావా?" అన్నాడు ఉమేష్.

"నేను తిప్పలేదు," అన్నాడు కిరణ్.

స్కూలు డ్రోన్ క్లబ్బు చూసే వీరేంద్ర సార్ రిమోట్ కోసం చెయ్యి చాపారు. "బస్ బేటా, చాలు. సోమవారం స్కూల్ డేకి ఉమేష్ ఎగరేస్తాడు."

కిరణ్ రిమోట్ ఇచ్చేశాడు. నాలుగు నెలలుగా వాడు ఆ ఒక్క రోజు కోసమే ఎండలో నిలబడి నేర్చుకున్నాడు.

పక్కనే ఉన్న అమూల్య వెళ్ళి కింద పడ్డ డ్రోన్‌ని తీసుకుంది. క్లబ్బులో ఎగరేసేది కిరణ్, రిపేరు చేసేది అమూల్య. రెండోసారి పడ్డప్పుడు, ఒక మోటారుని మోసే ప్లాస్టిక్ చెయ్యి మీద సన్నని పగులు ఆమెకి కనబడింది. రాయపూర్‌లో ఆ ముక్క దొరకదు. తెప్పిస్తే పది రోజులు. ఈలోగా స్కూల్ డే అయిపోతుంది. అందుకే గమ్ము పూసి, పైన నల్ల టేపు చుట్టేసింది. ఎవరికీ చెప్పలేదు.

బాగుచేస్తానని డ్రోన్‌ని ఇంటికి తెచ్చింది. తాత జోగయ్య వరండాలో ఉన్నాడు. ముప్పై ఏళ్ళు రైల్వే వ్యాగన్లు బాగుచేసిన ఫిట్టరు. మాట తక్కువ. డ్రోన్‌ని ఒళ్ళో పెట్టుకుని ఒక్కో రెక్కనీ వేలితో తిప్పాడు. మూడు నిలకడగా తిరిగాయి. నాలుగోది వణికింది. దాని మోటారుని కదిపితే, టేపు కింద చెయ్యి ఊగింది.

"ఈ టేపు ఎవులు సుట్టారమ్మా?"

"నేనే తాతా."

"గట్టిగా ఉంటాదనా?"

అమూల్య తల దించుకుంది. "పగులు కనబడకూడదని."

తాత టేపు మీద వేలు పెట్టాడు.

"వ్యాగన్‌కి పగులు దొరికితే దాని సుట్టూ సుద్దతో గీసేవోలం. తరవాత డ్యూటీకొచ్చినోడికి తెలవాలి గదా. ఓసారి నేను గీయనేదు. ఇంటికెల్లే టైమైపోయిందని."

"ఏమైంది?"

"బండి దారిలో ఆగిపోయింది. నా తరవాత డ్యూటీ సేసినోడిని సస్పెండ్ సేసారు. నాలుగు దినాలు నాకు అన్నం సహించనేదు. ఐదోనాడెల్లి తప్పు నాదేనని సెప్పాను."

అంతే చెప్పి డ్రోన్‌ని మనవరాలి చేతిలో పెట్టాడు.

సోమవారం పొద్దున్నే అమూల్య క్లబ్బు పిల్లలందరి ముందూ ఆ టేపు విప్పింది.

"సార్, కిరణ్ ఎడమకి తిప్పలేదు. ఈ చెయ్యి వంగి డ్రోనే అటు లాగేసింది. నేనే పగులు దాచాను."

సార్ పగులుని వేలితో తడిమి చూశారు. "అయితే ఇవాళ ఇది ఎగరదు," అన్నారు. ఉమేష్ రిమోట్‌ని పెట్టెలో పెట్టేశాడు. కిరణ్ మాత్రం ఆమె వైపు చూడకుండా వెళ్ళిపోయాడు.

పది రోజులకి కొత్త చెయ్యి వచ్చింది. అమూల్య ఒక్కతే కూర్చుని స్క్రూలు విప్పుతోంది. కిరణ్ వచ్చి కాస్త దూరంగా నిలబడ్డాడు.

"ఇంకా ఏమైనా దాచావా?"

అమూల్య డ్రోన్‌ని వాడి వైపు తిప్పింది.

"దాచలేదు. కానీ ఇందాకే చూశాను. వెనక మోటారు వైరు సగం తెగింది. ఇదిగో, ఇక్కడ."

కిరణ్ నేల మీద కూర్చుని, వైరు మీదకి వంగి చూశాడు.