మోటారు కింద మావ

పైడితల్లికి అన్నిటికన్నా పెద్ద భయం ఒక్కటే. మొగుడు మోటారు కింద ఉండగా ఇంజిను జారి అతని గుండెల మీద పడుతుందని.

అనంతగిరి సంతలో ఉప్పూ కిరసనాయిలూ అమ్మే తండ్రి ఆదినారాయణది కూడా అదే మాట. "బండి కింద తొంగునేవోడికి నా గుంటని పంపను" అని, చంటిపిల్లతో సహా కూతుర్ని తన ఇంట్లోనే ఉంచుకున్నాడు.

అల్లుడు అప్పన్న బర్మా దేశపు రంగంలో మోటారు పని నేర్చుకుని ఈమధ్యే ఓడ దిగాడు. వచ్చిన వారానికే కాఫీతోట దొరగారి మోటారు కొండ ఘాటీ ఎక్కలేక సరిగ్గా మావగారి కొట్టు ముందు ఆగిపోయింది. క్లచ్చిలో తోలు కాలిపోయింది. సంత విడిపోయేలోగా బండిని బంగళాకి చేరిస్తే డ్రైవరు కొలువు, తోటలో ఇల్లు ఇస్తానన్నాడు దొర. చేర్చలేకపోతే అప్పన్న మళ్లీ రంగం పోవాల్సిందే.

"ఏటి మావా, తోలు ముక్క కోసం ఇంత బండీ ఇప్పేత్తన్నావు?" అంది పైడితల్లి, పిల్లని గుండెలకి పొదువుకుని.

"ఆ తోలు ఇంజినుకీ గేరుబాక్సుకీ మధ్యనుంది మరి. గేరుబాక్సు తీత్తే గానీ అందదు."

"తీసెయ్యి. దానికంత ఆలోసనేటి?"

అప్పన్న నవ్వాడు. "పిల్లనెత్తినప్పుడు తల కింద సెయ్యెందుకు పెడతావు?"

"మెడ నిలవదు గనక."

"ఇంజినూ అంతే. ముందు వైపు సట్రం మీద ఆనుకుంటాది. ఎనక వైపు గేరుబాక్సే దిక్కు. అది తీసేత్తే తోక కిందికి వాలిపోద్ది. అందుకే ముందు దానికి ఊతం పెట్టాలి. ఊతం కింద ఎడల్పాటి పలకెయ్యాలి. నేదంటే నేలలోకి దిగిపోద్ది."

అంత చక్కగా చెప్పినవాడు, ఆమె కళ్లలోకి చూస్తూ చూస్తూ పలక సంగతే మరిచిపోయాడు. చక్రాలకి రాళ్లు అడ్డం పెట్టాడు. చట్రం కింద దిమ్మలు పేర్చాడు. ఇంజిను కింద దుంగముక్కని మాత్రం ఉత్త మట్టిలో నిలబెట్టి, బండి కిందికి దూరిపోయాడు.

ఇంతలో కొండ మీంచి వాన దిగింది. సంతలో జనం తాటాకు గొడుగుల కిందా, కొట్టు చూరు కిందా చేరారు. పైడితల్లి మాత్రం పిల్లకి కొంగు కప్పి, తను తడుస్తూనే నిలబడింది. ఆమె చూపంతా దుంగముక్క మీదే. ఎర్రమట్టి మెత్తబడుతోంది. దుంగ ఓ పక్కకి ఒరుగుతోంది.

"మావా! బేగి బైటికి రా!"

సంతలోని మావలందరూ ఒక్కసారి తలతిప్పారు. పిప్పళ్లమ్ముకునే సోంబరు అయితే గంప దించి మరీ "నన్నేనా?" అన్నాడు. తిరిగి చూడనివాడు ఒక్కడే. సుత్తి చప్పుడులో ఎవత్తో ఎవరినో పిలుస్తోందనుకుని బోల్టు కొడుతూనే ఉన్నాడు.

మొగుడి పేరు పలికితే అతనికి ఆయుష్షు తగ్గుతుందని తల్లి నూరిపోసింది. పెళ్లైన దగ్గర్నుంచీ ఆ పేరు పైడితల్లి పెదవి దాటలేదు.

దుంగ ఇంకాస్త ఒరిగింది.

"ఒరే అప్పన్నా!"

సంత మొత్తం నోరు తెరిచింది. పెళ్లాం నోట తన పేరు విని అప్పన్న అదిరిపడి, సుత్తి వదిలేసి, ఒక్క దొర్లు దొర్లి బయటపడ్డాడు. వెనకే దుంగ జారింది. గేరుబాక్సు ధడేల్మని బురదలో, ఇందాక అతని రొమ్మున్న చోటే పడింది. ఇంజిను తోక చట్రానికున్న అడ్డకమ్మీ మీదికి వాలి ఆగింది.



"పలకేదిరా?" అంది పైడితల్లి. "నాకు సెప్పిన పాటం నీకక్కర్నేదా?"

"నువ్వట్టా సూత్తే పలకేటి, నా పేరే మర్సిపోయాను. బాగా గుర్తుసేసినావు."

ఆమె ఏడుపులోంచి నవ్వింది. పిల్లా నవ్వింది.

"ఇక నేలని నమ్మేది నేదు. పైనుంచి ఏలాడదీద్దుం" అన్నాడు అప్పన్న. సోంబరూ అతని ఊరివాళ్లూ గట్టి దుంగ మోసుకొచ్చి, బోనెట్టు విప్పిన చోట చట్రం రెండు కమ్మీల మీదా అడ్డంగా వేశారు. గొలుసు కావాలి. అందరూ ఆదినారాయణ వైపు చూశారు. ఆయన లోపలికెళ్లి, చింతపండు బస్తాలు తూచే పెద్ద కాటాకున్న గొలుసు ఊడదీసి తెచ్చాడు.

ఇంజిను తోక గొలుసులో ఉయ్యాలలా నిలిచింది. అప్పన్న ఒకటికి రెండుసార్లు గొలుసు లాగి చూశాకే కిందికి దూరాడు. సంతలో దొరికిన కొత్త తోలు, పిల్లకి రాసే ఆముదంలో నాని మెత్తబడి క్లచ్చికెక్కింది. బురద కడిగిన గేరుబాక్సు తిరిగి తన చోటికెక్కింది. వాన వెలిసేసరికి మోటారు కూత పెట్టింది. సంతంతా కేకలు!

అప్పన్న బిక్కుబిక్కుమంటూ మావగారి ముందు నిలబడ్డాడు.

ఆదినారాయణ కూతురి వైపు ఉరిమి చూశాడు. "నడిసంతలో మొగుణ్ని పేరెట్టి, అదీ 'ఒరే' అని పిలిసిన గుంట నా ఇంట్లో ఉండడానికి ఈల్లేదు. ఎక్కించుకుపో, బాబూ!"

తిట్టో దీవెనో అర్థమయ్యేలోగా పిల్లని ఒళ్లో పెట్టుకుని పైడితల్లి ముందు సీట్లో కూర్చునే ఉంది. సంత ఇంకా విడిపోలేదు. మోటారు మలుపు మీద మలుపు తిరుగుతూ, హారను మోగిస్తూ తోట బంగళా దాకా ఎక్కేసింది.

ఇది చదువుతున్న అమ్మలూ అక్కలూ, మీ ఇంటాయన కూడా ఏ బండి కిందో దూరి ఉంటే, పుస్తకం పక్కనబెట్టి ఒక్కసారి వెళ్లి చూసి రండి.